ఎదురుచూసేవాళ్లకు తేదీలు చెప్పకండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆధ్యాత్మిక పేజీలో ఈ మధ్య దేవుని సమయం గురించి ఒక వ్యాసం వేశారు. నమ్మి కనిపెట్టుకుని ఉన్నవాళ్లకు ఆయన తగిన కాలంలో జవాబిస్తాడు, తొందరపడకండి అన్నది దాని సారాంశం. నేనూ అదే నమ్ముతాను. ఆ నమ్మకం లేకపోతే మా ఇల్లు ఈపాటికి నిలబడేది కాదు. కానీ ఆ వ్యాసంలో కనిపించిన మనుషులందరికీ అప్పటికే జవాబు వచ్చేసింది. ఒకరికి ఉద్యోగం, ఒకరికి సంతానం, ఇంకొకరికి పోయిందనుకున్న ఆరోగ్యం. ఇంకా రానివాళ్లు ఎలా బతుకుతున్నారో ఒక్క ముక్క లేదు. మేం ఆ రానివాళ్లలో ఉన్నాం, మా ఆయనకు కిడ్నీ కోసం ఎదురుచూస్తున్నాం. ఉత్తరం పొడుగైందని నాకు తెలుసు. చోటు చాలకపోతే మీ ఇష్టం వచ్చినట్టు కత్తిరించండి, డయాలసిస్ (కిడ్నీల బదులు మిషన్‌తో రక్తం శుభ్రం చేయడం) మానేయమని చెప్పడం గురించి రాసిన భాగాన్ని మాత్రం ముట్టుకోవద్దని మనవి.

మా ఆయన లెక్కల మాస్టారు. ఆయనకు బీపీ ఉన్నట్టు చాలాకాలం ఎవరికీ తెలియలేదు. తెలిసేసరికి రెండు కిడ్నీలూ దెబ్బతిన్నాయి. మంగళ, గురు, శనివారాలు డయాలసిస్, పూటకు నాలుగు గంటలు. నా కిడ్నీ ఒకటి ఇద్దామని పరీక్షలు చేయించుకున్నాను, నాకు షుగరు ఉందని డాక్టర్లు ఒప్పుకోలేదు. మరిది ముందుకొచ్చాడు గానీ అతనిది సరిపడలేదు. ఇక మిగిలింది బ్రెయిన్‌డెడ్ అయినవారి నుంచి, అంటే మెదడు పూర్తిగా చచ్చిపోయినా మిషన్ సాయంతో గుండె ఇంకా కొట్టుకుంటున్నవారి నుంచి, వచ్చే కిడ్నీ కోసం పేరు రాయించుకుని ఎదురుచూడటం. మా ఆయన రక్తం ఓ (O) గ్రూపు. ఓ గ్రూపు కిడ్నీ ఏ గ్రూపువారికైనా పనికొస్తుంది, ఓ గ్రూపువాళ్లకు మాత్రం ఓ గ్రూపుదే కావాలి. అందుకే ఈ గ్రూపువాళ్ల ఎదురుచూపు సాధారణంగా మిగతావాళ్ల కంటే ఎక్కువ.

ఎదురుచూపు అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం అనుకుంటారు చాలామంది. మా ఇంట్లో అది పొద్దున లేచింది మొదలు పని. ఆయన ఎడమ ముంజేతిలో ధమనినీ సిరనూ కలిపి కుట్టారు, ఫిస్టులా అంటారు. డయాలసిస్ సూదులు గుచ్చేది అక్కడే. దాని మీద వేలు పెడితే సన్నగా జుమ్మంటుంది, గుప్పిట్లో తుమ్మెదను పట్టుకున్నట్టు. ఆ జుమ్ము ఆగిందంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. రోజూ పడుకునే ముందు నేను వేలు పెట్టి చూస్తాను. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకూడదు, రక్తం తీయనివ్వకూడదు, బరువు మోయించకూడదు, నిద్రలో అది ఒంటి కింద నలగకూడదు. తాగే నీళ్లు పొద్దున్నే ఒక సీసాలో కొలిచి పెట్టుకుంటారు. రోజంతటికీ అంతే, మాత్రలు వేసుకోవడానికి కూడా అందులోంచే. కిడ్నీలు బయటికి పంపవు కాబట్టి తాగినదంతా ఒంట్లోనే చేరి, కాళ్లు వాచి, ఊపిరి ఆడక ఇబ్బంది పెడుతుంది. ఎండలు ముదిరాక నేను ఆయన ఎదురుగా నీళ్లు తాగడం మానేశాను.

ఇక ఫోన్. కిడ్నీ దొరికిందన్న కబురు ఏ అర్ధరాత్రయినా రావచ్చు. వచ్చిన వెంటనే బయలుదేరాలి, ఎందుకంటే తీసిన కిడ్నీని మంచులో పెట్టి ఉంచగలిగేది సుమారు ఒక రోజే, ఎంత త్వరగా అమర్చితే అంత మంచిది. అందుకని మా ఇద్దరి ఫోన్లూ ఎప్పుడూ చార్జింగ్‌తో ఉంటాయి. ప్రార్థనలో కూడా నేను సైలెంట్‌లో పెట్టను. ఒకసారి ఆరాధన మధ్యలో ఏదో కంపెనీ ఫోన్ మోగితే అందరూ వెనక్కి తిరిగి చూశారు. పాస్టర్ గారు మాత్రం ప్రసంగం ఆపి, ఎవరని కళ్లతోనే అడిగారు. కాదన్నట్టు తల ఊపాను. ఆయన మళ్లీ ప్రసంగంలోకి వెళ్లిపోయారు. ఆ రోజు ఆయన ఏం చెప్పారో గుర్తులేదు గానీ, ఆగి అడగడం మాత్రం మరిచిపోలేను.

ఇంటికొచ్చేవాళ్ల సంగతి చెప్పాలి. "దేవుని సమయం వస్తుంది వదినా, ధైర్యంగా ఉండండి" అంటారు. ఆ మాటలో తప్పేమీ లేదు. ఎదురుచూసే మనిషి రాత్రి నిద్రపట్టక తనకు తాను చెప్పుకుంటే అది విశ్వాసం. చూడ్డానికి వచ్చినవాళ్లు లేచి వెళ్లిపోతూ అంటే, ఇక మీ గోడు చాలు అన్నట్టు వినిపిస్తుంది. ఆ తర్వాత మేం ఏం చెప్పుకున్నా అవిశ్వాసం కింద లెక్క. మా ఆయన స్వతహాగా మాటకారి. ఇప్పుడు ఎవరైనా వస్తే ముందే "అంతా దేవుడి దయ, బాగానే ఉన్నాను" అనేస్తున్నారు. అలా అంటే వాళ్లకు సుఖంగా ఉంటుందట.

అంతకంటే బాధపెట్టేది తేదీలు చెప్పేవాళ్లు. ఈ సంవత్సరం దాటదు అంటారు. నాకు దర్శనంలో కనబడింది, వచ్చే నెలలోనే అంటారు. ప్రేమతోనే అంటారు, అందులో నాకు సందేహం లేదు. ఆ నెల వస్తుంది, పోతుంది. చెప్పినవాళ్లకు చెప్పినట్టే గుర్తుండదు. మాకు గుర్తుంటుంది. గోడ మీద కేలండర్‌లో ఆ నెల కాగితం చింపేటప్పుడు మా ఆయన నా వైపు చూడరు.

బైబిల్లో ఇలాంటి మనిషే ఒకడున్నాడు, పేరు హనన్యా. యూదా ప్రజల్ని బబులోను రాజు చెరపట్టుకుపోయిన కాలం. రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారని ఆ హనన్యా దేవాలయంలో జనం ముందు ప్రకటించాడు. యిర్మీయా ప్రవక్త వెంటనే ఏమన్నాడో చూడండి. ఆమేన్ అన్నాడు, యెహోవా అలాగే చేయును గాక అన్నాడు. ఆయనకూ అదే కావాలి, తన జనం త్వరగా తిరిగి రావాలనే ఉంది. అయినా దేవుడు తనకు చెప్పింది రెండేళ్లు కాదు, డెబ్బై. అప్పటికే చెరలో ఉన్నవాళ్లకు ఆయన ఒక ఉత్తరం రాశాడు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని. అప్పటికి పెద్దవాళ్లయినవారిలో చాలామంది ఆ చెరలోనే కన్నుమూసి ఉంటారు. వాళ్ల ఎదురుచూపు వాళ్ల జీవితకాలంలో తీరలేదు. అయినా ఆ ఉత్తరం వాళ్లకే రాశాడు. హనన్యా మాట చెవికి ఎంతో ఇంపుగా ఉంది. యిర్మీయా మాట పట్టుకున్నవాళ్లు తోట నాటుకున్నారు.

నేను కత్తిరించవద్దన్న భాగం ఇది. ఒక అన్న ఉన్నారు. మంచి మనిషి, మా కోసం మోకాళ్ల మీద కన్నీళ్లు పెట్టుకున్నవారు. ఒకరోజు మా ఆయనతో, "మాస్టారూ, మిషన్ మీద ఆధారపడ్డంత కాలం దేవుడు చెయ్యి చాపడు. ఒక్క వారం మానేసి చూడండి, అద్భుతం చూస్తారు" అన్నారు. మా ఆయన ఏమీ మాట్లాడలేదు. ఆ రాత్రి దీపం ఆర్పాక, "నిజంగా నాకు విశ్వాసం తక్కువంటావా?" అని నన్ను అడిగారు. తెల్లారితే శనివారం. లెక్కల్లో ఎవరినీ నమ్మించాల్సిన పని పడని మనిషి, రుజువు చూపిస్తే చాలనుకునే మనిషి, చీకట్లో పడుకుని నన్ను ఆ ప్రశ్న అడిగారు.

కిడ్నీలు పూర్తిగా పనిచేయనివాళ్లు డయాలసిస్ ఒకటి రెండు పూటలు మానేసినా ఒంట్లో పొటాషియం పెరిగిపోతుంది. పొటాషియం ఒక హద్దు దాటితే గుండె లయ తప్పుతుంది, ఆగిపోవచ్చు కూడా. ఏ నొప్పీ, ఏ హెచ్చరికా లేకుండానే జరగొచ్చు. ఆ పోయిన మనిషి మీద విశ్వాసం చాలలేదన్న ముద్ర వేస్తారు, సలహా ఇచ్చినవాళ్ల పేరు ఎక్కడా రాదు. దయచేసి ఎవరూ, ఎంత ప్రేమ ఉన్నా, ఎంత ప్రార్థనాపరులైనా, డాక్టరును అడగకుండా మందు ఆపమనీ మిషన్ ఆపమనీ చెప్పకండి. బైబిల్లో యోసేపు చెరసాలలో ఉండగా, ఐగుప్తు రాజైన ఫరోకు ద్రాక్షారసం అందించే పానదాయకుల అధిపతితో, నీకు మేలు జరిగినప్పుడు నన్ను గుర్తుపెట్టుకుని ఫరోకు చెప్పు అని అడిగాడు. దేవుడి మీద నమ్మకం లేక అడగలేదు. పదిహేడేళ్లకు అన్నల చేతిలో అమ్ముడుపోయి, ముప్పై ఏళ్లకు ఫరో ముందు నిలబడేదాకా ఆ కుర్రవాడు నమ్మకం వదలలేదు, మనిషిని సాయం అడగడమూ మానలేదు. ఆ అధిపతి రెండేళ్లు మరిచిపోయాడనుకోండి, అది ఆయన తప్పు, అడిగిన యోసేపుది కాదు.

మా ఆయన మిషన్ మీద ఉన్నంతసేపూ నేను బయట బల్ల మీద కూర్చుంటాను. ఈ మిషన్ కథ నేను చదువుకున్నది అక్కడే, అది నా ప్రార్థననే మార్చింది. విలెం కోల్ఫ్ అని నెదర్లాండ్స్‌లో ఒక డాక్టర్. రెండో ప్రపంచయుద్ధంలో, జర్మన్ ఆక్రమణ కింద, 1943లో, చెక్క డ్రమ్ము చుట్టూ సెలోఫేన్ గొట్టం చుట్టి, పనికొచ్చే మొదటి డయాలసిస్ మిషన్ తయారుచేశాడు. దాని మీద పెట్టిన మొదటి పదహారు మంది విషయంలో చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. 1945లో స్పృహ లేకుండా తెచ్చిన 67 ఏళ్ల ఒకామె కళ్లు తెరిచింది. ఆ పదహారు మంది పడకల పక్కన కూర్చున్నవాళ్ల గురించి నేను చాలాసార్లు ఆలోచిస్తాను. వాళ్లూ ప్రార్థన చేసే ఉంటారు కదా.

అంతటితో అయిపోలేదు. అప్పట్లో ప్రతిసారీ కొత్తగా రక్తనాళం తెరవాలి, కొన్నిసార్లు చేసేసరికి ఇక నాళాలు మిగలవు. 1960లో సియాటెల్‌లో డాక్టర్ బెల్డింగ్ స్క్రిబ్నర్ టెఫ్లాన్ గొట్టాన్ని చేతిలోనే ఉంచేసే పద్ధతి తెచ్చాడు. అప్పుడే ఒకే మనిషికి మళ్లీ మళ్లీ డయాలసిస్ చేయడం కుదిరింది. ఆయన మొదటి పేషెంటు ఆ తర్వాత 11 ఏళ్లు బతికాడు. మా ఆయన చేతిలో ఉన్నలాంటి ఫిస్టులా 1966 నాటిది. అంటే 1960కి ముందు ఇలా రెండు కిడ్నీలూ పోయిన మనిషికి ఎదురుచూడటం అనేదే లేదు. రోజులో, వారాలో, అంతే. మా ఆయన పుట్టడానికి కొద్దికాలం ముందు దాకా లోకంలో లేని అవకాశం ఇది. దేవుడు ఆలస్యం చేస్తున్నాడని నేను ఏడ్చిన ఆ ఏళ్లన్నీ ఆయన ఇచ్చిన ఏళ్లే. కిడ్నీ రావడం ఒక్కటే జవాబు అనుకున్నంతకాలం నా కంటికి ఇది ఆనలేదు.

ఒక రాత్రి ఫోన్ వచ్చింది. వెంటనే రండి, అయితే మీరు రెండో పేరు అన్నారు. మొదటివారికి సరిపడకపోతే మీకు అని. ఆసుపత్రికి వెళ్లాం. రక్తం తీసుకున్నారు, క్రాస్‌మ్యాచ్ పరీక్షకు పంపారు. ఇచ్చేవారి కణాల మీద మనవాళ్ల రక్తం తిరగబడుతుందేమో చూసే పరీక్ష అది. ఫలితం రావడానికి గంటలు పడుతుంది. ఆయన్ని లోపల కూర్చోబెట్టారు. నేను వరండాలో అటూ ఇటూ నడుస్తూ, ఇన్నాళ్లూ చేసిన ప్రార్థనే చేస్తున్నాను. ప్రభువా, ఈ రాత్రే కానీ అని.

వరండా చివర కొంతమంది నిలబడి ఉన్నారు. అందులో ఒక పెద్దాయన రెండు చేతులతో ఒక హెల్మెట్ పట్టుకుని ఉన్నారు. అద్దం పగిలిపోయింది. ఆయన దాన్ని కింద పెట్టడం లేదు, ఎవరైనా తీసుకోబోయినా ఇవ్వడం లేదు. కిడ్నీ ఇచ్చిన కుటుంబం వాళ్లేనో, వేరే వార్డువాళ్లో నాకు తెలియదు. ఆసుపత్రివాళ్లు చెప్పరు, నేనూ అడగలేదు. కానీ నా నోట్లో ప్రార్థన ఆగిపోయింది. నేను ఇన్నాళ్లూ దేవుణ్ణి ఏ సమయం కోసం అడుగుతున్నానో అప్పుడు నా కళ్లముందు నిలబడింది. మా ఇంటికి ఫోన్ రావాలంటే అంతకుముందే ఇంకో ఇంటికి వేరే ఫోన్ వెళ్లాలి. దేవుడు నా కోసం ఎవరి బిడ్డనో కింద పడేస్తాడని నేను నమ్మను, నమ్మలేను. ఎవరైనా అదే దేవుని సమయం అంటే ఒప్పుకోను. దుఃఖం జరిగాక, ఆ ఇంటివాళ్లు అంత వేదనలోనూ సరేనని తల ఊపుతారు చూడండి, ఆ తల ఊపడంలో ఆయన ఉన్నాడంటే నమ్ముతాను. ఆ రాత్రి మిగిలిన సమయమంతా ఆ పెద్దాయన కోసమే ప్రార్థన చేశాను.

తెల్లవారుజామున సిస్టర్ వచ్చి, మొదటివారికి సరిపోయిందమ్మా, మీరు ఇంటికి వెళ్లొచ్చు అంది. ఆటోలో మా ఆయన, "ఎవరో ఒకరికి అందింది కదా" అన్నారు. ఇంకేం మాట్లాడలేదు. ఇంటికొచ్చాక తలుపు వేసుకుని నేను ఏడ్చాను.

ఆ వారం నేను యాయీరు కథ దగ్గరే ఉండిపోయాను. కూతురు చావుబతుకుల్లో ఉందని ఆయన యేసు కాళ్ల మీద పడ్డాడు. యేసు బయలుదేరాడు. దారిలో పన్నెండేళ్లుగా రక్తస్రావంతో ఉన్న ఒకామె వెనకనుంచి వచ్చి ఆయన వస్త్రం ముట్టుకుంది. ఆయన ఆగాడు. నన్ను ముట్టినదెవరని అడిగాడు, ఆమె చెప్పుకున్నదంతా విన్నాడు. యాయీరు కూతురి వయసూ పన్నెండేళ్లే. అక్కడ ఇంట్లో ఆ పిల్ల ఊపిరి కొడిగడుతుంటే ఇక్కడ ప్రభువు నిలబడి ఇంకొకరి కథ వింటున్నాడు. యాయీరు ఏమన్నాడో సువార్తలో ఒక్క మాట లేదు. ఆమె మీద కోపం వచ్చిందో లేదో లేదు. అంతలో ఇంటినుంచి కబురు, అమ్మాయి చనిపోయింది, ఇక బోధకుణ్ణి ఎందుకు శ్రమపెడతావు అని. యేసు ఆయనతో అన్నది, భయపడకు, నమ్మిక మాత్రం ఉంచు అని. గంటలో అవుతుందని చెప్పలేదు, ఆలస్యం ఎందుకైందో వివరించలేదు. ఆయన పక్కనే నడిచి ఇంటికి వెళ్లాడు. చదివిన ప్రతిసారీ నేను ఆ నడక దగ్గర ఆగుతాను. చివరికి యేసు మాటకు ఆ పిల్ల బతికి లేచిందని మనకు తెలుసు. నడుస్తున్నప్పుడు యాయీరుకు తెలియదు.

మా పేరు మొదట లేని ఆ రాత్రి, ఎవరో ఒకామె భర్త లేచి నిలబడ్డాడు. ఇప్పుడు నీళ్లు కొలవకుండా తాగుతూ ఉంటాడు. ఆమె నాకు ఎవరో తెలియదు. సంతోషించాలని ప్రయత్నించగా ప్రయత్నించగా ఇప్పుడు నిజంగానే సంతోషం కలుగుతోంది, ఇది నా గొప్ప కాదు, ఎవరో లోపల పని చేస్తేనే అయింది.

అలాగని ఏడవకూడదని కాదు. పదమూడో కీర్తనలో దావీదు ఎంతకాలం, ఎంతకాలం అని మొదటి రెండు వచనాల్లోనే నాలుగు సార్లు అడిగాడు. ఆ కీర్తనను ఎవరూ తీసేయలేదు, ఆరాధనలో పాడుకోమని ఉంచారు. మార్త, మరియల సోదరుడు లాజరు జబ్బుపడ్డాడని తెలిసి కూడా యేసు ఉన్నచోటే ఇంకో రెండు రోజులు ఉండిపోయాడు. వచ్చేసరికి సమాధిలో పెట్టి నాలుగు రోజులు. నువ్వు ఇక్కడ ఉండి ఉంటే నా సోదరుడు చనిపోయేవాడు కాడు అని మార్త నిలదీసింది, తర్వాత మరియ కూడా వచ్చి అదే మాట అంది. ఆ ఇద్దరిలో ఒక్కరినీ ఆయన కోప్పడలేదు. వాళ్ల ఏడుపు చూసి ఆయనా కన్నీళ్లు పెట్టుకున్నాడు. కొద్దిసేపట్లో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ముందు ఏడ్చాడు. మా ఇంటికొచ్చి "ఏడవకూడదు, అది అవిశ్వాసం" అనేవాళ్లకు ఈ మాట చెప్పాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది.

మా ఆయన ఏం చేస్తున్నారో కూడా రాస్తాను, ఎందుకంటే నాకు యిర్మీయా ఉత్తరం అర్థమైంది ఆయన్ని చూశాకే. పక్క పడక మీద ఇరవై దాటని కుర్రాడు ఉంటాడు. డిగ్రీ మధ్యలో ఆగిపోయింది. మొదట్లో నాలుగు గంటలూ గోడవైపు తిరిగి పడుకునేవాడు. మా ఆయన ఎడమ చేతికి సూదులు ఉంటాయి, కుడి చెయ్యి ఖాళీ. ఒకరోజు పొట్ట మీద అట్ట పెట్టుకుని ఏదో లెక్క చేసుకుంటుంటే ఆ కుర్రాడు మెల్లగా తల తిప్పి, "సార్, అక్కడ గుర్తు మైనస్ రావాలి" అన్నాడు. మా ఆయన కావాలనే తప్పు వేశారేమో నాకు అనుమానం, అడిగితే చెప్పరు. అప్పటినుంచి పాఠం మొదలైంది. ఇప్పుడు సూదులు గుచ్చే టెక్నీషియన్ కూడా పోటీ పరీక్షలకు ఇక్కడే సందేహాలు అడుగుతున్నాడు. అలారం మోగితే లెక్క ఆపి మిషన్ చూసి, మళ్లీ లెక్కలోకి వస్తాడు. ఆ గదిలో ఒక్కోసారి ఒక పడక ఖాళీ అవుతుంది. ఎందుకో ఎవరూ అడగరు. మరునాటి పాఠం మాత్రం ఉంటుంది. కుర్రాడు ఆగిపోయిన పరీక్షలకు ఫీజు కట్టాడు. కిడ్నీ వచ్చాక చదువుదువులే అని వాళ్ల నాన్న అంటే, "అప్పుడు అప్పటి సంగతి, ఇప్పుడు ఇది" అన్నాడట.

నా కాలగతులు నీ వశంలో ఉన్నాయని దావీదు అన్నాడు. మా ఆయన ఆ మాటను ఇలా బతుకుతున్నారని నాకు అనిపిస్తుంది. కిడ్నీ ఎప్పుడొస్తుందో ఆయన లెక్క వేయరు. వస్తుందని కూడా గట్టిగా అనరు. రాకపోతే ఎలా అని నేనే ఒకసారి తెగించి అడిగాను. "రాకపోయినా నేను ఆయన చేతిలోనే కదా ఉన్నది" అన్నారు. నేను అంత తేలిగ్గా అనలేను. కానీ ఆ మాట అన్న మనిషి పక్కన పడుకుంటే నాకు టెన్షన్ తగ్గి నిద్ర పడుతోంది.

మిమ్మల్ని అడిగేది ఒకటుంది. మా సంఘంలోనూ అంతే, మీ పేజీలోనూ అంతే, జవాబు వచ్చినవాళ్లే సాక్ష్యం చెబుతారు. ఇంకా ఎదురుచూస్తున్నవాళ్లకు మైకు ఇవ్వరు, ఏం చెబుతారోనని భయం కాబోలు. వాళ్లవీ వేయండి. ముగింపు లేకపోయినా వేయండి. ఉద్యోగం రాని పిల్లలు, సంబంధం కుదరని ఆడపిల్లలు, తప్పిపోయిన కొడుకు కోసం చూస్తున్న తల్లులు మీ పాఠకుల్లో ఉన్నారు. తమలాంటి మనిషి ఇంకొకరు దేవుణ్ణి వదలకుండా ఉన్నారని తెలిస్తే వాళ్లకు ఎంతో బలం.

పాఠకులను అడిగేది ఇంకొకటి. మీరు పోయాక మీ అవయవాలు ఎవరికైనా ఉపయోగపడాలని మీకుంటే, ఆ సంగతి మీ ఇంట్లోవాళ్లకు ఇప్పుడే చెప్పండి. కార్డు మీద సంతకం పెట్టి బీరువాలో దాచితే చాలదు. ఆ క్షణంలో డాక్టర్లు అడిగేది ఇంట్లోవాళ్లనే. గుండె ఇంకా కొట్టుకుంటున్న మనిషిని చూస్తూ, కొన్ని గంటల్లో వాళ్లు సరే అనాలో వద్దనాలో తేల్చుకోవాలి. మీ మనసులో మాట వాళ్లకు ముందే తెలిసి ఉంటే ఆ భారం కొంతైనా తగ్గుతుంది.

మా ఆయన్ని డయాలసిస్ మానేయమన్న అన్న మీ పత్రికే తెప్పించుకుంటారు. ఆయన చదవాలనే ఇది రాస్తున్నాను. ఆయన మీద కోపం లేదు. ఆ సంగతి తర్వాత మొహమాటపడి మా ఇంటికి రావడం మానేశారు. దయచేసి రమ్మని చెబుతున్నాను. మంగళ, గురు, శనివారాలు కాకుండా ఏ సాయంత్రమైనా మేం ఇంట్లోనే ఉంటాం. వచ్చి ఊరికే కూర్చున్నా చాలు, ప్రార్థన ముగ్గురం కలిసి చేసుకుందాం.

ఇట్లు,
మీ పాఠకురాలు